నవ్వుల ఆసనం

ఏప్రిల్ 7, సోమవారం

కోపం వచ్చినప్పుడు అరవకండి, కాగితం మీద పెట్టుకోండి అన్నాడు అనంతపురం డాక్టరు. బీపీ చూసి ఆయన ముఖమే మారిపోయింది. ఇన్నేళ్లుగా లెక్కలు చెప్పేవాడికి కోపం రాకుండా ఎలా ఉంటుందో, ఆయన వచ్చి మా తొమ్మిదో తరగతిలో ఒక్క పీరియడ్ కూర్చుంటే తెలుస్తుంది. సరే, పెడుతున్నాను. ఇంకోటి కూడా చెప్పాడు. యోగా.

బత్తలపల్లె కల్యాణ మండపంలో పొద్దున్నే క్లాసట. చెప్పేది రాప్తాడు నుంచి స్కూటీ మీద వచ్చే గౌతమి అనే అమ్మాయి. నా దగ్గర చదివి వెళ్లిన పిల్లల కంటే చిన్నది. త్రివేణి ధర్మవరం పోయి నాకు ట్రాక్ ప్యాంటు కొనుక్కొచ్చింది. రెండు పక్కలా తెల్ల గీతలు.

"ఇది ఏసుకొని నేను బజార్లో పోవల్లనా?" అన్నాను.

"పంచె కట్టుకొనే పోండి. తలకిందులైనప్పుడు మీ మానం మీరే కాపాడుకోండి" అంది నా భార్య.

రేపు వెళ్తాను. భయమేమీ లేదు.

ఏప్రిల్ 8

వెళ్లలేదు. కడుపు బాగాలేదు.

ఏప్రిల్ 9, బుధవారం

వెళ్లాను. ట్రాక్ ప్యాంటు మీద లుంగీ చుట్టుకుని మండపం దాకా దొంగలాగా నడిచి, చెప్పులు విడిచేచోట లుంగీ విప్పి సంచిలో పెట్టుకున్నాను. లోపల ఆడవాళ్లే ఎక్కువ. నాకు బాగా తెలిసినవాడు మందుల షాపు మార్కండేయ ఒక్కడే. చూడగానే, "ఏమప్పా రామాంజి సార్, నువ్వూ వస్తివా? ఇంగ ఈ మండపం నిల్చినట్టే!" అని అరిచాడు. అందరూ తిరిగి చూశారు. నోటికి అదుపు లేని మనిషి.

కాళ్లు చాచి వేళ్లు ముట్టుకోమంది గౌతమి. నా చేతులు మోకాళ్ల దగ్గరే ఆగిపోయాయి. "అందకపోయినా పర్వాలేదు సార్, అందుకోవల్ల అని అనుకోండి, సాలు" అంది. నన్ను ఎనిమిదో తరగతి పిల్లాడిలా చూసుకుంటోంది. తర్వాత వెల్లకిలా పడుకుని మోకాళ్లు పొట్టకు నొక్కమంది. దాని పేరు పవనముక్తాసనం. పేరు వినగానే నాకు చెమటలు పట్టాయి. నిన్న తిన్న అలసంద గుగ్గిళ్లు గుర్తొచ్చాయి. ఊపిరి వదలండి సార్ అని ఆ అమ్మాయి, వదిలితే ఏమవుతుందోనని నేను. బిగబట్టుకుని బతికి బయటపడ్డాను.

లేచి కూర్చుని వెనక్కి చూస్తే మా అన్న.

గోవిందప్ప. నా తోడబుట్టినవాడు. ఏడాదిగా మా మధ్య మాటల్లేవు. నాయన పోయాక పంపకాల్లో బోరున్న చేను చీటీలో నాకొచ్చింది. పక్కనే అన్న చీనీ తోట, అంతా బత్తాయి చెట్లు. దానికీ నా బోరులోంచే నీళ్లు వదిలేవాణ్ణి. పోయిన ఎండాకాలం బోరు తగ్గిపోతే ఆపేశాను. నా చెట్లకే చాలనప్పుడు ఎవరైనా అదే చేస్తారు. ఆయన వచ్చి అడగలేదు. నేను వెళ్లి చెప్పలేదు. ఆ రోజు నుంచి ఎదురుపడితే ఆయన ఆకాశం చూస్తాడు, నేను సెల్‌ఫోన్ చూస్తాను.

నడుము పట్టేసి ఆయనా డాక్టరు మాట మీదే వచ్చాడట. క్లాసు మధ్యలో గౌతమిని పిలిచి, "మేడం, ముందరుండే ఆ యప్పను రవ్వంత జరగమను. నా కాళ్లు తగుల్తాండాయి" అన్నాడు.

"మేడం, చోటు సాలకపోతే ఎనక్కి పొమ్మను" అన్నాను నేను.

ఆ అమ్మాయి ఇటూ అటూ చూసి, తనే వచ్చి నా చాప లాగింది.

ఏప్రిల్ 14, సోమవారం

గౌతమికి మా సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. జంటలు కట్టమని, "మీ ఇద్దురూ ఒగే ఎత్తు ఉండారు, ఒగ తట్టు కూసోండి" అని మమ్మల్ని కలిపింది. మార్కండేయ దగ్గాడు. మేం కాదనడానికి కూడా ఒకరితో ఒకరు మాట్లాడాలి కదా. కూర్చున్నాం.

వీపుకు వీపు ఆనించి కళ్లు మూసుకోవాలి. అవతలి మనిషి ఊపిరి తెలిసేదాకా కదలకూడదు. అన్న వీపు మీద మాంసమే లేదు, ఎముకలు గుచ్చుకున్నాయి. ఎప్పుడు ఇంత చిక్కిపోయాడు? ఊపిరి తీసినప్పుడు లోపల గరగరమంటోంది. చూపించుకుంటున్నాడో లేదో. అన్నా అని పిలవబోయాను. నిజంగా నాలుక దాకా వచ్చింది. కానీ పెద్దవాడు ఆయన, ముందు ఆయన పలకాలి. ఆయన పలికితే నేను పలికేవాణ్ణే.

"మీ ఇద్దురి ముక్కులూ ఒగే మాదిరి ఉండాయే!" అంది గౌతమి చివర్లో. ఎవరూ నవ్వలేదు.

ఏప్రిల్ 19, శనివారం

శనివారం నవ్వుల ఆసనమట. చేతులు పైకెత్తి మండపమంతా తిరుగుతూ, ఎదురొచ్చిన మనిషి ముఖంలోకి చూసి హహహ అని నవ్వాలి. నవ్వు రాకపోయినా నవ్వాలి. నవ్వగా నవ్వగా అదే నిజం నవ్వవుతుందని గౌతమి చెప్పింది. ఆమె చప్పట్లు కొట్టగానే ఆపేయాలి. నా జీవితంలో ఇంత సిగ్గుమాలిన పని చేయలేదు. హెడ్మాస్టరు చూస్తే నా పరువేం కాను?

అన్న ఒక మూల, నేను ఒక మూల తిరిగాం.

ఇంటికి వస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. మాటతో పని లేదు కదా ఇందులో. ఎవరు ముందు పలకాలన్న గొడవ లేదు. ఎదురుగా వెళ్లి నవ్వితే ఆయనా నవ్వాలి, మేడం చెప్పింది కాబట్టి. ఒకసారి ఇద్దరం నవ్వేశాక మాట అదే వస్తుంది. వచ్చే శనివారం ఆ పని చేస్తాను.

ఏప్రిల్ 22

మా చేను చూసుకునే పాపన్న వచ్చాడు. మొన్న పడిన వానలకు మన బోరు బాగా ఊరిందట, చెట్లకు పోసినా ఇంకా మిగులుతోందట. అది విన్నప్పటి నుంచి త్రివేణి నా ప్రాణం తోడుతోంది.

"నీళ్లుండాయి కదా. బావగారి చెట్లకు ఇడిస్తే ఏం పోతాది?"

"అడిగినాడా?"

"అడగల్లా?"

"అడిగితే కదా ఇచ్చేది. నేను ఇయ్యనని ఎప్పుడన్నా అంటినా?"

అన్నం తట్ట నా ముందు పెట్టిన చప్పుడులోనే ఆమె జవాబుంది. అయినా నాకు అర్థం కాదు. అడగనివాడికి నీళ్లిస్తే అది దానం చేసినట్టుంటుంది. ఆయనకే అవమానం. ఆయన మంచికే ఆగుతున్నాను.

ఏప్రిల్ 26, శనివారం

నవ్వలేకపోయాను. ఆయనకు రెండడుగుల దూరం దాకా వెళ్లి మార్కండేయ వైపు తిరిగాను. వచ్చే వారం.

మే 1

అన్న చేనులో బోరు లారీ దిగిందట. పాపన్న ఫోన్ చేసి చెప్పాడు. "టెంకాయ చేతిలో పెట్టుకొని ఒగడు నీళ్లు పడే పాయింటు చూపిచ్చినాడు సార్. ఆయమ్మ కమ్మలు కుదువ పెట్టినారంట."

మా వదిన కమ్మలు. అడిగితే ఇచ్చేవాణ్ణి కదా నీళ్లు. అంత పంతం ఎందుకు?

మే 2, శుక్రవారం

దుమ్ము లేచింది. ఎంత లోతుకు పోయినా తడి తగల్లేదట. తెల్లటి దుమ్ము మా చేను దాకా వచ్చి చెట్ల ఆకుల మీద పడిందని పాపన్న చెప్పాడు.

నాకు బాధగానే ఉంది. సొంత అన్న కదా.

మధ్యాహ్నం మంచి నిద్ర పట్టింది. బీపీ మాత్ర పని చేస్తున్నట్టుంది. సాయంత్రం వస్తూ వస్తూ మిరపకాయ బజ్జీలు కట్టించుకొచ్చాను. "ఏం విశేషం?" అంది త్రివేణి. విశేషముంటేనే బజ్జీలు తినాలా?

మే 3, శనివారం

ఈరోజు అన్న దగ్గరికి వెళ్లి నవ్వాను. అనుకున్నట్టే చేశాను. అది వ్యాయామం. ఆయన నవ్వలేదు. చాప చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆయనకు ఆ ఆసనం అలవాటు లేదు, అంతే.

మే 5

మాత్రలకని మార్కండేయ షాపుకు వెళ్తే, లేచి నిలబడి చెయ్యి కలిపాడు. "భలే కొట్టినావు సార్ దెబ్బ! బోరు పోయిన తెల్లారే ముఖం మీద నవ్వుతివి సూడు, మా మండపంలో అట్లాంటిది ఎవురూ సూడలే."

"అది వ్యాయామం కదప్పా. మేడం చెప్పింది కదా."

"ఆ ఆ, వ్యాయామమే" అని కన్ను కొట్టాడు.

షాపులో ఇంకో ఇద్దరున్నారు. వాళ్లూ నవ్వారు. నన్ను మెచ్చుకుంటున్నారు, ఛీ. మాత్రలు తీసుకోకుండానే వచ్చేశాను. నాలుగు మాటలు అడిగి రావలసింది. డాక్టరు మాట గుర్తొచ్చి ఇక్కడ రాస్తున్నాను.

మే 6

అన్న క్లాసుకు రాలేదు.

మే 7

రాలేదు. నడుము నొప్పి ఎక్కువైందేమో.

మే 8

త్రివేణికి ఎవరో చెప్పారు. వంట చేసింది, వడ్డించింది, నాతో మాట్లాడలేదు. అది వ్యాయామమని ఎన్నిసార్లు చెప్పాలి!

మే 10, శనివారం

క్లాసు అయిపోయాక గౌతమిని పక్కకు పిలిచాను. గోవిందప్ప మా అన్న అని చెప్పాను. ఆమెకు ఇప్పుడు తెలుసట. నువ్వొక్కసారి ఫోన్ చేసి, అది ఆసనంలో భాగమేనని, నువ్వు చెప్తేనే అందరూ నవ్వారని ఆయనకు చెప్పమ్మా అని అడిగాను. నువ్వు చెప్పిందే నేను చేశానని చెప్తే చాలు, ఆయన అర్థం చేసుకుంటాడు అన్నాను.

ఆ పిల్ల తల దించుకుని స్కూటీ తాళం తిప్పింది. "సెప్తా సార్" అంది. తర్వాత, "సార్, మీరు కోపం చేసుకోవద్దండి. ఆ పొద్దు నేను సప్పట్లు కొట్టేసినా. అందురూ ఆపేసినారు. మీరొక్కరే నవ్వుతాండిరి" అంది.

మే 11, ఆదివారం

రాసి పారేస్తే పోతుందేమో.

నేను ఆయన దగ్గరికి వెళ్లానని రాశాను. తప్పు. ఆయనే నా దగ్గరికి వచ్చాడు. నేను చేతులెత్తి అందరిలాగే హహహ అంటున్నాను. ఆయన చేతులెత్తలేదు, వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. కనుబొమల్లో, చెవి మడతల్లో బోరు పొడి తెల్లగా అంటుకునే ఉంది. స్నానం చేసినా పోలేదు కాబోలు. అది చూశాను. చూసి, ఇప్పుడు తెలిసిందా అని మనసులో అనుకున్నాను. అనుకోగానే పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. గౌతమి చెప్పిన నవ్వు కాదు. చప్పట్లు నాకు వినబడలేదు. అన్న నోరు కొంచెం తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది.

థూ, నా బతుకు.

మే 12

వెళ్లి క్షమించమని అడుగుతాను. సెలవులే కదా. ఏ పూటైనా వెళ్లవచ్చు.

మే 16

వెళ్దామని చొక్కా వేసుకున్నాను. ఎండ మరీ ఎక్కువగా ఉంది.

మే 19

నేను సైకిల్ మీద వెళ్తుంటే వదిన కనబడింది. ఆమె చెవులకు వేపపుల్లలున్నాయి. ఈరోజు వద్దనిపించింది.

మే 24, శనివారం

పాపన్న వచ్చి కూర్చుని తలపాగా విప్పి మళ్లీ చుడుతున్నాడు. ఎందుకొచ్చినావప్పా అని గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు. అన్న తోటలో మిషన్ పెట్టి చెట్లు కోస్తున్నారట. ఆకు మొత్తం రాలిపోయిందట. "ఇంగ పది దినాలు ముందర ఒగ తడి పడింటే బతికేటివి సార్" అన్నాడు.

నాయన చేతుల మీద నాటిన చెట్లు అవి. నేను గుంతలు తవ్వలేక ఏడిస్తే అన్న నా గుంతలు కూడా తవ్వాడు. నాకు లేవాలనిపించలేదు. పాపన్న ఎప్పుడు వెళ్లాడో తెలియదు.

జూన్ 1, ఆదివారం

వెళ్లాను.

వదిన వాకిట్లో కూర్చుని విత్తనం చెనక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి లేవలేదు. "ఇప్పుడొస్తివా రామాంజీ? చెట్లు కొట్టిచ్చేసినాంక?" అంది. అన్న ఇంట్లో లేడు. ఆమె ఎదురుగా మట్టిలోనే కూర్చున్నాను.

"వదినా, ఆ పొద్దు నేను..."

"గమ్మునుండు. నేను సెప్పేది ఇను. బోరులో దుమ్ము లేసిన పొద్దు మీ యన్న సంగటి ముట్టలేదు. తెల్లారి లేసి, యోగాకు పోతాండా అన్నాడు. తిక్క పట్టిందా నీకేమన్నా, ఈ పొద్దు యోగా ఏమి అంటి నేను. యోగాకు కాదు తిప్పమ్మా, ఆడ రామాంజిగాడు ఉంటాడు. ఒగ తడికి నీళ్లు ఇడుస్తావేమిరా అని వాణ్ణి అడుగుతా. ఇంటికాడికి పోయి అడిగేకి నాకు నోరు రాదు, ఆడైతే అందురి నవ్వుల్లో నా మాట కలిసిపోతాది అన్నాడు. అట్ల సెప్పి పోయినోడు, పోయినంత బిన్నా, రవ్వంత సేపటికే తిరిగొచ్చినాడు."

చెనక్కాయలు ఒలుస్తూనే చెప్పింది. నా వైపు చూడలేదు.

"తిట్టు వదినా. కొట్టు" అన్నాను.

"నేను తిట్టి ఏం లాభమప్పా."

అంతలో అన్న వచ్చాడు. కాళ్లు కడుక్కుంటూ నన్ను చూశాడు. ఆ శనివారం తప్పిస్తే ఏడాదిలో మొదటిసారి, ఆకాశం చూడకుండా నన్నే చూశాడు.

"ఓ, రాండి సార్. ఎంతసేపాయ వచ్చి?" అన్నాడు.

నా వెనకాల ఎవరో ఉన్నారనుకుని తిరిగి చూశాను. ఎవరూ లేరు.

"అట్ల మట్టిలో కూసున్నారేమి? తిప్పమ్మా, సార్‌కు కుర్చీ ఎయ్యి." ఆమె కదలకపోతే తనే లోపలికి పోయి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. "కూసోండి సార్."

"అన్నా..."

"కూసోండి."

కూర్చున్నాను. ఆయన గడప మీద కూర్చున్నాడు. "అన్నా, ఆ పొద్దు నేను నవ్వినేది..." అన్నాను.

"అయ్యో, దాన్దేముండాది సార్. అది వ్యాయామం కదా. మేడం ఫోన్ చేసి సెప్పింది."

"కాదన్నా. వ్యాయామం కాదు. తప్పు చేసినా."

"పెద్ద మాటలు ఎందుకు సార్. పోనీండి."

"నీళ్లు ఇడుస్తా అన్నా. ఈ పొద్దే పైపు ఎయ్యిస్తా. ఎన్ని కావల్లంటే అన్ని..."

"చెట్లే లేవు కదా సార్, ఇంగ నీళ్లేం చేసుకోవల్ల? వానొస్తే చెనక్కాయ ఏసుకుంటాము. మీకెందుకు శ్రమ." కోపంగా అనలేదు. ఎండల గురించి అడిగాడు, బడి ఎప్పుడు తెరుస్తారని అడిగాడు. ఎమ్మార్వో ఇంటికి వచ్చినా అట్లాగే అడుగుతాడు. వదిన కాఫీ తెచ్చింది. గ్లాసు కింద ప్లేటు పెట్టుకుని తెచ్చింది. ఆ ఇంట్లో నేను ఎప్పుడూ వంటింట్లోకి దూరి గిన్నెలో మిగిలింది తాగేవాణ్ణి. వదిన ఒక్కసారి భర్త ముఖం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. మర్యాదగా మాట్లాడుతున్న మనిషి ముందు ఎలా ఏడుస్తాం?

వీధి దాకా సాగనంపడానికి వచ్చాడు. "పోయిరాండి సార్. అమ్మగారిని అడిగినానని సెప్పండి" అన్నాడు.

త్రివేణి గడపలోనే ఎదురుచూస్తోంది. "మాట్లాడినాడా?"

"మాట్లాడినాడు."

"నిజంగానా? ఏమన్నాడు?"

"నిన్ను అడిగినానని చెప్పమన్నాడు."

కళ్లు తుడుచుకుంది. ఎంతైనా బావగారిది పెద్ద మనసు అంటూ దేవుడి గూట్లో దీపం పెట్టింది. పాయసం చేస్తానంది. ఆయన ఆమెను అమ్మగారు అన్నాడని చెప్పలేదు. నన్ను ఏమని పిలిచాడో కూడా చెప్పలేదు. పాయసం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

మాటలు లేని ఏడాదంతా నాకొక అన్న ఉన్నాడు. నా మీద కోపంగా ఉన్నాడు, కానీ ఉన్నాడు. ఈరోజు మాట్లాడి వచ్చాను, ఆ అన్న లేడు. రేపు పొద్దున్నే వెళ్లి కాళ్ల మీద పడదామనుకున్నాను. పడినా, లేయండి సార్ అంటాడు.